మన కణాల్లో ఇన్ని కాపలా ప్రొటీన్లు ఉండగా హెచ్‌ఐవీ ఎలా సోకుతోంది?

అడిగిన ప్రశ్న ఇది: "ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. రిట్రోవైరస్‌లను అడ్డుకునే ప్రొటీన్లు మనిషి కణాల్లో పుట్టుకతోనే ఉంటాయని సెమినార్ కోసం చదివాను. అవి ఉండగా హెచ్‌ఐవీ ఎలా సోకుతోంది? అవి పనిచేయడం లేదా?" దాని కింద ఇంకొకరు, "మా ఇంట్లో ఒకరు ఏఆర్‌టీ మాత్రలు వాడుతున్నారు. ఈ ప్రొటీన్లు పెరగడానికి తిండి గానీ మందు గానీ ఏమైనా ఉందా?" అని అడిగారు. పీహెచ్‌డీ రోజుల నుంచి నా పనంతా ఈ ప్రొటీన్ల చుట్టూనే తిరిగింది కాబట్టి రెండింటికీ కలిపి కాస్త వివరంగా రాస్తున్నాను. రిట్రోవైరస్ అంటే తన ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాసి, దాన్ని మన డీఎన్‌ఏలో అతికించే వైరస్, హెచ్‌ఐవీ అలాంటిదే. ఏఆర్‌టీ అంటే దాన్ని అదుపులో ఉంచే మందులు. రెండో ప్రశ్న అడిగినవారికి ఓపిక లేకపోతే చివరి భాగం ఒక్కటి చదివినా చాలు.

ముందు సూటిగా జవాబు. అవి పనిచేస్తున్నాయి, అదీ చాలా గట్టిగా. ఆఫ్రికాలో 40కి పైగా కోతి జాతుల్లో హెచ్‌ఐవీకి బంధువులైన ఎస్‌ఐవీ వైరస్‌లు తిరుగుతున్నాయి. తరతరాలుగా మనుషులు ఆ జంతువులను వేటాడుతున్నారు, కోస్తున్నారు, తింటున్నారు. అయినా మనిషిలోకి వచ్చి నిలిచినవి చింపాంజీ, గొరిల్లా, సూటీ మాంగబే అనే మూడు జాతుల వైరస్‌లే. మిగతావి గడప దాటలేదు. దాటిన ఆ కొన్నింటి దగ్గర మన కాపలా ప్రొటీన్లను, అందులోనూ మనిషిలో ఉండే రూపాన్ని, పడగొట్టే ఆయుధాలు ఉన్నాయి. హెచ్‌ఐవీలో 1, 2 అని రెండు రకాలున్నాయి. ప్రపంచమంతా పాకిన హెచ్‌ఐవీ-1లో ఉండేవి తొమ్మిదే జన్యువులు. మూడు ప్రతి రిట్రోవైరస్‌కూ ఉండేవే: గ్యాగ్, పోల్, ఎన్వ్. రెండు వైరస్ సొంత జన్యువులు ఎప్పుడు, ఎంత పలకాలో, అంటే ఎంత ప్రొటీన్ తయారుచేయించాలో చూసుకుంటాయి: టాట్, రెవ్. మిగిలిన నాలుగు విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్. పాత పుస్తకాల్లో వీటిని 'అదనపు' ప్రొటీన్లు అనేవారు. ఆ పేరు చూస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, విద్యార్థులు వాటిని అప్రధానం అనుకుని దాటేస్తారు. వాటిలో కనీసం మూడింటి ముఖ్యమైన పని మన కాపలావాళ్లను తప్పించడమే.

దీన్ని మొదటిసారి కళ్లారా చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. విఫ్ జన్యువు తీసేసిన హెచ్‌ఐవీని రెండు రకాల టీ కణాల (హెచ్‌ఐవీ సోకే తెల్ల రక్తకణాలు) మీద వేశాం. ఒకటి సప్‌టీ1, రెండోది హెచ్‌9. రెండూ మనిషి టీ కణాలే, ఫ్లాస్కులో చూస్తే రెండూ ఒకేలా మసకగా కనిపిస్తాయి. రెండు మూడు రోజులకోసారి పైన ఉన్న ద్రవం కొంచెం తీసి పీ24 ఎలైజా చేసేవాళ్లం, అంటే ప్రొటీన్ ఎంత ఉందో రంగును బట్టి చెప్పే పరీక్ష. పీ24 అంటే వైరస్ క్యాప్సిడ్‌ను, అంటే లోపలి పెంకును, కట్టే ప్రొటీన్. ద్రవంలో అది పెరుగుతోందంటే వైరస్ పెరుగుతోందని అర్థం. ప్లేటులో సబ్‌స్ట్రేట్ వేశాక సప్‌టీ1 వరుస నీలంగా మారింది, ఆసిడ్ పడగానే చిక్కటి పసుపు అయింది. రోజులు గడిచే కొద్దీ ఆ పసుపు ఇంకా ముదురుతూ వచ్చింది. హెచ్‌9 వరుసలో మొదటి నమూనాలో లేత పసుపు తగిలింది, ఆ తరువాత ఇక ఎక్కలేదు. నేనే ఏదో పొరపాటు చేశాననుకున్నాను, టెన్షన్ పడుతూ మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ అదే. అదే ప్లేటులో విఫ్ ఉన్న మామూలు వైరస్ మాత్రం హెచ్‌9లో కూడా చక్కగా పెరిగింది.

ఈ చిక్కు నాకంటే ముందు చాలామందిని ఏళ్ల తరబడి వేధించింది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. సప్‌టీ1లో వైరస్‌కు సాయం చేసేది ఏదో ఉండి, అది హెచ్‌9లో లేకపోవచ్చు. లేదా హెచ్‌9లో అడ్డుకునేది ఏదో ఉండి, అది సప్‌టీ1లో లేకపోవచ్చు. ఏది నిజమో 1998లో తేలింది. రెండు రకాల కణాలనూ కలిపి ఒకే కణంగా చేసి చూశారు. కలిసిన కణం అడ్డుకునే కణంలాగే నడుచుకుంది. అంటే అక్కడ ఉన్నది అడ్డుకునేవాడే. సాయం చేసేవాడు కొరవడటం కాదు. 2002లో ఆన్ షీహీ, మైఖేల్ మాలిమ్ బృందం వైరస్‌ను అడ్డుకునే కణాల్లో పలుకుతూ, అడ్డుకోని తోబుట్టువు కణాల్లో పలకని జన్యువు కోసం వెతికి దాన్ని పట్టుకుంది. దాని పేరు ఇప్పుడు ఏపోబెక్3జీ.

ఇది చేసే పనిని నిదానంగా చెబుతాను, సెమినార్‌లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వైరస్ తయారవుతున్న కణంలో ఏపోబెక్3జీ ఏమీ చేయదు. కొత్తగా పుడుతున్న వైరస్ కణికల్లోకి చప్పుడు చేయకుండా ఎక్కి కూర్చుంటుంది. ఒక్కో కణికలోకి ఎక్కేవి పదికి అటూ ఇటూ అణువులు, అంతే. ఆ కణిక వెళ్లి ఇంకో కణానికి సోకి, తన ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాయడం మొదలుపెట్టినప్పుడు దీని పని మొదలవుతుంది. పుట్టింట్లో మూటలో పెట్టిన వస్తువు అత్తింట్లో మూట విప్పినప్పుడే బయటపడినట్టన్నమాట. నా హెచ్‌9 వరుసలో మొదటి నమూనాకు లేత పసుపు ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. మేం వేసిన వైరస్‌ను ఏపోబెక్3జీ లేని కణాల్లో తయారుచేశాం, కాబట్టి మొదటి విడత మామూలుగానే సోకింది. హెచ్‌9 లోపల పుట్టిన రెండో తరమే చచ్చిన తరం.

కొత్తగా రాస్తున్న డీఎన్‌ఏ పోగులో సైటోసిన్‌ను, అంటే 'సీ' అక్షరాన్ని, ఏపోబెక్3జీ యూరసిల్‌గా మారుస్తుంది. దాని ఎదురు పోగు రాసేటప్పుడు యూరసిల్ ఎదురుగా 'జీ' బదులు 'ఏ' వచ్చి కూర్చుంటుంది. ఫలితంగా వైరస్ జన్యువులో ఒకటి కాదు, డజన్ల కొద్దీ చోట్ల 'జీ'లు 'ఏ'లుగా మారతాయి. దీనికి ఒక ప్రత్యేకమైన అలవాటు ఉంది: రెండు 'సీ'లు పక్కపక్కన ఉన్నచోటును ఎంచుకుంటుంది. ఎదురు పోగులో చూస్తే అది జంట 'జీ'లున్న చోటు. ప్రొటీన్ అనే దండలో ఒక్కో పూస ఒక అమైనో ఆమ్లం. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి ఉన్న ఒకే ఒక కోడాన్, అంటే మూడక్షరాల సంకేతం, టీజీజీ. అందులో మధ్య 'జీ' పోయి 'ఏ' వస్తే టీఏజీ, అంటే 'ఇక్కడితో ఆపు' అనే సంకేతం. ప్రొటీన్ సగంలోనే తెగిపోతుంది. నేను ఇలాంటి సీక్వెన్సులను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పైన మామూలు వైరస్ వరుస, కింద ఏపోబెక్3జీ చేయి పడ్డ వరుస పెట్టి చూస్తే, టీజీజీ ఉన్న చోటల్లా కింద టీఏజీ, టీఏజీ, టీఏజీ అని కనిపిస్తూ పోతుంది. తప్పులు దిద్దే మాస్టారు ఎర్ర పెన్నుతో పేజీ అంతా కొట్టేసినట్టు ఉంటుంది. ఈ మార్పులతో పాటు అది డీఎన్‌ఏ రాసే పనినే నెమ్మదింపజేస్తుంది కూడా.

మరి విఫ్ ఏం చేస్తుంది? కేవలం 192 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది. దానికి సొంతంగా ఎవరినీ చంపే శక్తి లేదు. ప్రతి కణంలోనూ పనికిరాని ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రొటియాసోమ్ అనే చెత్త యంత్రంలోకి పంపే ఏర్పాటు ఉంటుంది. విఫ్ ఒక చేత్తో ఆ గుర్తు వేసే ముఠాను, ఇంకో చేత్తో ఏపోబెక్3జీని పట్టుకుని రెంటినీ దగ్గరకు చేరుస్తుంది. మున్సిపాలిటీ చెత్త బండిని పిలిచి, మన వాచ్‌మన్‌నే అందులో ఎక్కించడం లాంటిది. ఈ పనిలో మన కణపు ప్రొటీన్ ఇంకొకటి, సీబీఎఫ్-బీటా, విఫ్‌కు ఊతంగా నిలబడుతుందని తరువాత తెలిసింది. రక్తకణాల ఎదుగుదలలో ముఖ్యమైన ప్రొటీన్ అది. వైరస్ మన వస్తువులనే మన మీదికి తిప్పుతుందన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

ఇప్పుడు మీ ప్రశ్నకు అసలు కీలకం. విఫ్ చేయి ఏపోబెక్3జీని పట్టుకోవాలంటే రెంటి ఆకారం కుదరాలి. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ అనే కోతి ఏపోబెక్3జీని హెచ్‌ఐవీ విఫ్ పట్టుకోలేదు. కారణం వెతికితే 128వ స్థానంలో ఉన్న ఒక్క అమైనో ఆమ్లం. మనిషిలో అక్కడ ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది, ఆ కోతిలో లైసిన్ ఉంది. మనిషి ప్రొటీన్‌లో ఆ ఒక్కదాన్ని మారిస్తే హెచ్‌ఐవీ విఫ్ చేతికి అది దొరకదు. 384 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో ఒక్కటి! చింపాంజీ ప్రొటీన్లు మనవాటికి బాగా దగ్గర కాబట్టి చింపాంజీ వైరస్ విఫ్ మన ఏపోబెక్3జీని కూడా పడగొట్టగలిగింది. కోతుల నుంచి మనిషికి రావడానికి చింపాంజీ మధ్యలో మెట్టు అయింది. ఆ చింపాంజీ వైరస్ కూడా వేర్వేరు కోతుల వైరస్‌లు కలగలిసి పుట్టిందే. ఆ మలుపులోనే దాని విఫ్ కొత్త ఇంటికి తగ్గట్టు మారింది, వీపీఎక్స్ అనే ఇంకో జన్యువును పోగొట్టుకుంది. ఆ పోయిన జన్యువు సంగతి తరువాత వస్తుంది, గుర్తుంచుకోండి.

ట్రిమ్5ఆల్ఫా అనే ఇంకో కాపలా ప్రొటీన్ కథ దీనికి తిరగేసి చూసినట్టు ఉంటుంది. హెచ్‌ఐవీ మందులు, టీకాలు పరీక్షించడానికి రీసస్ కోతులు కావాలి. కానీ హెచ్‌ఐవీ రీసస్ కోతికి సోకదు. కణంలోకి వెళుతుంది, వెళ్లిన కాసేపటికే ఆగిపోతుంది. 2004లో మాథ్యూ స్ట్రెమ్లావ్, జోసెఫ్ సోడ్రోస్కీ బృందం దానికి కారణం ట్రిమ్5ఆల్ఫా అని చూపించింది. హెచ్‌ఐవీ జన్యుపదార్థం ఒక శంకువు ఆకారపు పెంకులో ఉంటుంది. సుమారు 1,500 క్యాప్సిడ్ ప్రొటీన్లు ఆరేసి, అయిదేసి గుంపులుగా చేరి తేనెపట్టు గదుల్లా ఆ పెంకును కడతాయి. ట్రిమ్5ఆల్ఫా కూడా తనలాంటి వాటితో చేరి ఆరు మూలల అల్లికగా మారుతుంది. ఒక్కో అణువు పట్టు బలహీనమే. అన్నీ కలిసి పెంకు మీద వలలా పరుచుకుంటే మాత్రం ఇక కదలనివ్వవు. పెంకు వేళ కాని వేళ విడిపోయి, లోపలి పని ఆగిపోతుంది.

మనకూ ట్రిమ్5ఆల్ఫా ఉంది. 493 అమైనో ఆమ్లాలు. అయితే దాని వల హెచ్‌ఐవీ పెంకు మీద సరిగ్గా పడదు. 332వ స్థానంలో మనకు ఆర్జినిన్ ఉంది. అక్కడ రీసస్ కోతిలో ఉన్న ప్రోలీన్ పెట్టి చూస్తే మన ప్రొటీన్ కూడా హెచ్‌ఐవీని అడ్డుకుంటుంది. ఈ ఫలితం మొదటిసారి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోట్ల మందిని బలిగొన్న జబ్బుకూ మనకూ మధ్య ఆ ఒక్క అక్షరం గోడలా నిలబడి ఉండేదేమో అనిపించింది. తరువాత వయసు మీద కొంచెం నిదానం వచ్చింది. ఆ అక్షరం మనలో అలా ఉండి ఉంటే, దాన్ని కూడా దాటగలిగిన వైరసే మన దాకా వచ్చేది. అయినా ఆ ప్రయోగం చెప్పే సంగతి మాత్రం పెద్దది: మన ప్రొటీన్ పాడైపోలేదు, దాని చూపు వేరే వైరస్‌ల మీద ఉంది. మనిషి ట్రిమ్5ఆల్ఫా ఎలుకల వైరస్‌లలో కొన్నింటిని చక్కగా ఆపుతుంది.

దక్షిణ అమెరికాలో గుడ్లగూబ కోతి అని ఒకటుంది, రాత్రిపూట తిరుగుతుంది. దానిలో ట్రిమ్5 జన్యువు మధ్యలోకి సైక్లోఫిలిన్-ఏ అనే ఇంకో జన్యువు ప్రతి ఎగిరివచ్చి అతుక్కుంది. సైక్లోఫిలిన్-ఏకు హెచ్‌ఐవీ పెంకును పట్టుకునే గుణం ఉంది. అలా అనుకోకుండా పుట్టిన అతుకుల ప్రొటీన్ హెచ్‌ఐవీని గట్టిగా ఆపుతుంది, ఆ కోతులు హెచ్‌ఐవీని ఎన్నడూ చూడకపోయినా. ఆసియాలోని కొన్ని మకాక్ కోతుల్లో కూడా ఇలాంటి అతుకే విడిగా, రెండోసారి జరిగింది. సెమినార్‌లో టైమ్ ఉంటే దీన్ని తప్పక చెప్పండి, వినేవాళ్లకు ఇది మరిచిపోవడం కష్టం.

టెథరిన్ అనే కాపలా ప్రొటీన్ పేరు మనవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. టెథర్ అంటే పలుపు, గేదెను గుంజకు కట్టేసే తాడు. ఈ ప్రొటీన్‌కు రెండు కొసలూ పొరలో దిగేవే. ఒక కొస కణం పొరలో ఉంటుంది, ఇంకో కొస బయటికి పొంగుతున్న వైరస్ పొరలో చిక్కుకుంటుంది. వైరస్ తయారవుతుంది, కణం నుంచి విడిపోతుంది, అయినా వెళ్లలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే కణం అంచున పూసలు గుచ్చినట్టు వైరస్‌లు వరుసగా, గుత్తులుగా వేలాడుతూ కనిపిస్తాయి. 2008లో రెండు బృందాలు దీన్ని బయటపెట్టాయి. హెచ్‌ఐవీ-1 దగ్గర దీనికి విరుగుడు వీపీయూ.

ఇక్కడ ఒక చరిత్ర ఉంది. చింపాంజీలో ఈ వైరస్ టెథరిన్‌ను నెఫ్‌తో పడగొట్టేది. నెఫ్ పట్టుకునే చోటు టెథరిన్ తోక భాగంలో ఉంది. మనిషి టెథరిన్‌లో సరిగ్గా ఆ చోట అయిదు అమైనో ఆమ్లాలు లేవు. పట్టుకోవడానికి పిడి లేని తలుపు అన్నమాట. మనిషిలోకి వచ్చిన వైరస్‌లకు పాత పద్ధతి పనికిరాలేదు. హెచ్‌ఐవీ-1 వైరస్‌లను ఎం, ఓ, పీ లాంటి గ్రూపులుగా విడదీస్తారు. వాటిలో ఎం గ్రూప్ వీపీయూ ఈ కొత్త పని బాగా నేర్చుకుంది. ప్రపంచమంతా పాకింది ఈ ఎం గ్రూపే. మన దేశంలో ఎక్కువగా కనిపించే సబ్‌టైప్ సీ కూడా ఇందులోదే. ఓ గ్రూప్ ఎక్కువగా కామెరూన్, దాని చుట్టుపక్కల దేశాల్లోనే ఉండిపోయింది, పీ గ్రూప్ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిలోనే దొరికింది. ఒక గ్రూప్ పాకడానికి, ఇంకోటి పాకకపోవడానికి టెథరిన్ ఒక్కటే కారణమని నేను అనను. 1920ల ప్రాంతంలో కిన్షాసా నగరం పెరిగిన తీరు, రైళ్లు, జనం రాకపోకలు, సూదుల వాడకం అన్నీ అందులో ఉన్నాయి. కానీ వీపీయూ నేర్చిన ఆ విద్య వైరస్‌కు కలిసొచ్చిందని మాత్రం నమ్ముతాను.

శామ్‌హెచ్‌డీ1 అనే ఇంకో కాపలా ప్రొటీన్ వైరస్‌ను ముట్టుకోదు. కణంలో డీఎన్‌ఏ కట్టడానికి కావాల్సిన ముడిసరుకును, అంటే డీఎన్‌టీపీలను, విరగ్గొట్టి అడుగంటేలా చేస్తుంది. మేస్త్రీ వచ్చాడు, ఇటుకలు లేవు, ఇల్లు లేవదు. విభజన చెందని కణాలకు, అంటే రోగనిరోధక కణాల్లో మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు, నిద్రాణంగా ఉన్న టీ కణాలకు, ఆ సరుకు పెద్దగా అక్కర్లేదు కాబట్టి ఈ కరువు వాటికి ఇబ్బంది కాదు. 2011లో ఇది బయటపడింది. దీన్ని కూల్చే ఆయుధమే ఇందాక చెప్పిన వీపీఎక్స్. హెచ్‌ఐవీ-2 దగ్గర అది ఉంది, హెచ్‌ఐవీ-1 దగ్గర లేదు.

అప్పుడు ఎవరైనా అడుగుతారు: వీపీఎక్స్ ఉన్న హెచ్‌ఐవీ-2 ఇంకా ప్రమాదకరం కావాలి కదా? కాదు, అది నెమ్మదైన వైరస్, వ్యాప్తి కూడా తక్కువ. డెండ్రిటిక్ కణాల్లోకి దూరి అక్కడ డీఎన్‌ఏ రాయడం మొదలుపెడితే కణం లోపలి అలారం మోగి ఇంటర్‌ఫెరాన్ (వైరస్ వచ్చిందని పక్క కణాలను హెచ్చరించే ప్రొటీన్) విడుదల కావచ్చు. హెచ్‌ఐవీ-1 ఆ గదిలోకి పోకుండా పక్కనుంచి వెళ్లిపోవడమే దానికి లాభించిందని నా అభిప్రాయం. ఈ రంగంలో చాలామంది కూడా ఇటే మొగ్గుతారు.

శామ్‌హెచ్‌డీ1 గురించి ఇంకో మాట, ఇది వైరస్ చదివేవాళ్లు పట్టించుకోనిది. ఈ జన్యువులో పుట్టుకతో లోపం ఉన్న పిల్లలకు ఐకార్డీ-గూటియెర్ సిండ్రోమ్ వస్తుంది. ఏ ఇన్ఫెక్షన్ లేకపోయినా, తల్లి కడుపులోనే వైరస్ సోకిన బిడ్డలా ఉంటారు: మెదడు దెబ్బతింటుంది, ఇంటర్‌ఫెరాన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. మన సొంత డీఎన్‌ఏ తునకలను చూసి కణం భయపడకుండా చూసుకోవడం కూడా ఈ ప్రొటీన్ రోజువారీ పని. ఏపోబెక్ కుటుంబంలో ఏ, బీ అనే తోబుట్టువులు కొన్నిసార్లు మన డీఎన్‌ఏ మీదే చేయి వేస్తాయి. రొమ్ము, మూత్రాశయం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో వాటి వేలిముద్రలు దొరికాయి. కంచే చేను మేసినట్టు. ఈ ప్రొటీన్లు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది అనుకోకూడదని చెప్పడానికే ఇది రాశాను, రెండో ప్రశ్నకు ఇది కావాలి.

పేర్లు ఇంకా ఉన్నాయి. 2013లో ఎంఎక్స్2, వైరస్ కేంద్రకంలోకి చేరకుండా పెంకును పట్టుకునేది. 2015లో సెరింక్5, వైరస్ పొరలోకి చేరి అది తరువాతి కణంతో కలవకుండా చేసేది. దీనికి విరుగుడు నెఫ్. ఐఫిటమ్‌లు, ష్లాఫెన్11 కూడా ఇలాంటి కాపలా ప్రొటీన్లే. సెమినార్‌కు ఇవి ఒక స్లైడులో సరిపోతాయి.

ఇవన్నీ హెచ్‌ఐవీ కోసం పుట్టినవి కావు. హెచ్‌ఐవీ మనిషిలోకి వచ్చి సుమారు వందేళ్లు, ప్రొటీన్లు మారడానికి అది రెప్పపాటు. మన జన్యుపదార్థంలో దాదాపు 8 శాతం పాత రిట్రోవైరస్‌ల అవశేషాలే. అవి ఒకప్పుడు మన పూర్వజుల వీర్యకణాల్లోకో అండకణాల్లోకో దూరి, అక్కడే ఉండిపోయి, వారసత్వంగా మన దాకా వచ్చాయి. ఆస్ట్రేలియాలో కోలాలకు ఇదే ఇప్పుడు మన కళ్లముందు జరుగుతోంది. ఆ కోట్ల ఏళ్ల పోట్లాటల్లోనే ఈ ప్రొటీన్లు పదునెక్కాయి. ఎలుకకు ఏపోబెక్3 జన్యువు ఒక్కటే ఉంటే మనకు 22వ క్రోమోజోమ్ మీద ఏడు వరుసగా ఉన్నాయి. కోతి జాతులన్నింటి ట్రిమ్5ఆల్ఫాలను పక్కపక్కన పెట్టి పోలిస్తే, వైరస్‌ను తాకే భాగంలోనే మార్పులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఎక్కడ తాకుతుందో ప్రయోగం చేయకముందే చెప్పేయొచ్చు.

ఇక రెండో ప్రశ్న అడిగినవారికి. మీరు ఇంట్లో మనిషి కోసం అడిగారు కాబట్టి ఒక్క మాట కూడా దాచకుండా చెబుతాను. ఈ ప్రొటీన్లను హెచ్‌ఐవీని ఓడించేంతగా పెంచే తిండి లేదు, పొడి లేదు, కషాయం లేదు. ఇంటర్‌ఫెరాన్ వీటిలో చాలావాటిని పెంచుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి దాన్ని ఇచ్చి చూశారు కూడా. వైరస్ కొంత తగ్గింది, కానీ జ్వరం, ఒళ్లునొప్పులు, మనసు కుంగిపోవడం లాంటి బాధలు ఎక్కువ, అది మాత్రలకు బదులు కాలేదు. విఫ్, వీపీయూ లాంటివి ఉన్నంతసేపూ ఊరికే కాపలావాళ్ల సంఖ్య పెంచితే సరిపోదు. పెరిగితే వచ్చే నష్టం పైన చెప్పాను.

కొన్నేళ్ల కింద మాకు తెలిసిన ఒకాయన, ఇమ్యూనిటీ పెరిగితే వైరస్ దానంతటదే పోతుందన్న ప్రచారం నమ్మి, పొడి వాడుతూ మాత్రలు మానేశాడు. మొదటి నెల రెండు నెలలు ఏమీ కాలేదు, అందుకే ఆ పొడి పనిచేస్తోందనుకున్నాడు. ఏడాది తిరగకుండా టీబీతో, ఎముకల గూడుగా ఆసుపత్రిలో చేరాడు. మళ్లీ మాత్రలు మొదలుపెట్టి బతికాడు. ఆ పొడి అమ్మినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. మాత్రలు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ రక్తంలో మళ్లీ కనిపిస్తుంది, ఎందుకంటే నిద్రాణమైన కణాల డీఎన్‌ఏలో దాని ప్రతులు దాగి ఉంటాయి. ఆశ్చర్యం ఏమిటంటే, మాత్రలు వాడుతున్నవారిలో అలా దాగిన ప్రతుల్లో 90 శాతానికి పైగా పనికిరానివి, వాటిలో కొన్నింటిని పాడుచేసింది ఏపోబెక్ ప్రొటీన్లే. ఇంట్లో మనిషి ఒంట్లో అవి తమ వంతు పని చేస్తూనే ఉన్నాయి. మిగిలిన ఆ కొద్ది శాతాన్ని పట్టి ఉంచుతున్నవి మాత్రలు.

ఆ మాత్రల్లో ఏముందో కూడా చూడండి. ఇప్పుడు ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువగా ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర. 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీని ఉచితంగా ఇస్తోంది. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ నకిలీ ఇటుకల్లాంటివి. వైరస్ వాటిని తీసుకుని గోడలో పెడితే ఇక దాని మీద ఇంకో ఇటుక నిలవదు. శామ్‌హెచ్‌డీ1 ఇటుకలు లేకుండా చేస్తే, ఇవి చెడ్డ ఇటుకలు అందిస్తాయి. డోలుటెగ్రావిర్ వైరస్ డీఎన్‌ఏ మన డీఎన్‌ఏలో అతుక్కోకుండా ఆపుతుంది. క్రమం తప్పకుండా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్షలో, వైరస్ కనిపించని స్థాయికి చేరి, అక్కడే నిలిస్తే, లైంగికంగా ఇతరులకు సోకదు. ఇది తేలిన విషయం, ధైర్యంగా ఉండండి.

ట్రిమ్5ఆల్ఫా ఏ పెంకును పట్టుకుంటుందో, అదే పెంకును పట్టుకునే మందు ఇప్పుడు వచ్చింది: లెనకాపవిర్. పట్టుకునే చోటు వేరు, కానీ లక్ష్యం అదే క్యాప్సిడ్ అల్లిక. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో జరిగి, 2024లో ఫలితాలు వచ్చిన పరీక్షలో ఇది తీసుకున్న 2,134 మంది అమ్మాయిలు, యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. దీని జెనరిక్ తయారీకి లైసెన్సు దొరికిన ఆరు కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. 2027 నుంచి తక్కువ, మధ్య ఆదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్ల లెక్కన అందిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. సోకనివారికి సోకకుండా ఇచ్చే వాడకం ఇది. మీ ఇంట్లో వారు ఇప్పుడు వాడుతున్న మాత్ర మార్చాలా వద్దా అన్నది ఏఆర్‌టీ కేంద్రం డాక్టర్ గారితోనే మాట్లాడండి, వెళ్లేటప్పుడు చివరి వైరల్ లోడ్ కాగితం చేత్తో పట్టుకెళ్లండి.

సెమినార్ చెప్పబోయే విద్యార్థికి చివరగా ఒకటి. మొదటి స్లైడులో ప్రొటీన్ల పట్టిక పెట్టకండి. బోర్డు మీద రెండు ఫ్లాస్కులు గీయండి, ఒకటి సప్‌టీ1, ఇంకోటి హెచ్‌9. విఫ్ లేని వైరస్ ఏ ఫ్లాస్కులో పెరుగుతుందో, ఎందుకో ముందు క్లాసునే అడగండి. ఆ తరువాత ఎవరో ఒకరు తప్పకుండా "ఏపోబెక్3జీ ఉండాల్సింది వైరస్ తయారయ్యే కణంలోనా, సోకే కణంలోనా?" అని అడుగుతారు. తయారయ్యే కణంలో అని చెప్పండి. ఎందుకు అంటే పైన రాసిన ఆ లేత పసుపు సంగతి చెప్పండి.